మీ ఇంటి పన్నులో 8 పైసల గ్రంథాలయ సెస్సు: దాని వెనక అయ్యంకి వెంకట రమణయ్య కథ

ఇంటి పన్ను కట్టేటప్పుడు మీరు ఏం చూస్తారు? మొత్తం ఎంతో చూస్తారు. గడువు ఎప్పుడో చూస్తారు. ముందే కడితే రాయితీ ఉందేమో చూస్తారు. ఫోన్‌లో ఓటీపీ కొట్టి, రసీదు డౌన్‌లోడ్ చేసుకుని, ఇక ఆ సంగతి మర్చిపోతారు.

ఈసారి ఆ పన్ను వివరాలు ఒకసారి తెరిచి చూడండి. లోపల గ్రంథాలయ సెస్సు అని ఒక పద్దు ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లోనైనా, తెలంగాణలోనైనా ఇది రూపాయికి 8 పైసలు. సెస్సు లెక్కకు వచ్చే పన్ను 5,000 రూపాయలైతే మీరు గ్రంథాలయానికి 400 రూపాయలు కట్టినట్టు. అద్దె ఇంట్లో ఉంటున్నారా? పన్ను ఓనరు కట్టినా, ఆ భారం అద్దెలో ఎంతో కొంత మీ మీదే పడుతుంది. అంటే మీ పేటలో గ్రంథాలయం ఎక్కడుందో మీకు తెలియకపోయినా, దాని చందా మాత్రం మీరు ఏటా కడుతూనే ఉన్నారు.

ఈ సెస్సు ఎవరో అధికారికి ఒక ఉదయం తట్టిన ఆలోచన కాదు. వందేళ్ల కిందట, ప్రభుత్వం రూపాయి ఇవ్వని రోజుల్లో, ఊరూరా జనం సొంతంగా గ్రంథాలయాలు పెట్టుకున్నారు. వాటిని ఒక్క తాటి మీదికి తెచ్చి, ఇది ప్రజలకు అందాల్సిన సేవ అని అందరిచేతా అనిపించే పనికి జీవితం ధారపోసినవారిలో ముందు చెప్పుకోవాల్సిన పేరు అయ్యంకి వెంకట రమణయ్య. గ్రంథాలయ ఉద్యోగులను అడిగితే గ్రంథాలయోద్యమ పితామహుడని చెబుతారు. నవంబరులో వారోత్సవాలప్పుడు ఆయన ఫొటోకు దండ వేస్తారు. ఆయన అసలు ఏం చేశారన్నది మాత్రం చాలామందికి తెలియదు.

ఎవరీ అయ్యంకి?

అయ్యంకి 1890 జులై 24న తూర్పు గోదావరి జిల్లా కొంకుదురులో పుట్టారు. ఆయన యవ్వనంలోకి అడుగుపెట్టేసరికి కోస్తా జిల్లాలు వందేమాతరం ఉద్యమంతో వేడెక్కి ఉన్నాయి. 1907లో బిపిన్ చంద్రపాల్ వచ్చి రాజమండ్రి, మచిలీపట్నం లాంటి చోట్ల ఉపన్యాసాలిచ్చి వెళ్లారు. ఆ వాతావరణంలో ఎదిగిన కుర్రాళ్లలో రమణయ్య ఒకరు. ఇరవై ఏళ్ల వయసులో, 1910లో, మచిలీపట్నం నుంచి ఆంధ్రభారతి అనే పత్రిక నడిపారు.

పత్రిక పెట్టినవాళ్లకు ఒక లెక్క త్వరగానే తెలిసొస్తుంది. అచ్చు వేయడం ఒక ఎత్తు, చదివేవాళ్లు ఉండటం ఇంకో ఎత్తు. అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో చదవడం, రాయడం వచ్చినవాళ్లు నూటికి పదిమంది కూడా లేరు. చదువు వచ్చినవాళ్లలోనూ పుస్తకం కొనగలిగినవాళ్లు తక్కువ. ఊరికి ఒక పత్రిక వస్తే, ఒకరు పైకి చదవాలి, పదిమంది చుట్టూ కూర్చుని వినాలి. ఆ పదిమంది కూర్చునే చోటే గ్రంథాలయం.

అప్పటికే ఊళ్లలో గ్రంథాలయాలు ఉన్నాయా?

ఉన్నాయి. హైదరాబాద్‌లో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు దాని వెనక ఉన్నారు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వచ్చింది. కోస్తా జిల్లాల్లోనూ పట్నాల్లో, పెద్ద ఊళ్లలో ఇలాంటివి పుడుతూనే ఉన్నాయి. విజయవాడలోని రామమోహన గ్రంథాలయం వాటిలో పేరున్నది.

అయితే ఇవన్నీ వేటికవే. ఒక ఊళ్లో ఉన్న గ్రంథాలయం సంగతి పక్క ఊరికి తెలియదు. స్థలం ఒకరి అరుగు మీదో, సత్రంలో ఓ గదిలోనో. పుస్తకాలు ఎవరో ఇచ్చినవి. నడిపేది నలుగురు కుర్రాళ్లు. వాళ్లలో ఇద్దరు ఉద్యోగాలకు వెళ్లిపోతే తాళం పడుతుంది. దాతకు, కార్యదర్శికి మాట పట్టింపు వచ్చినా తాళం పడుతుంది. మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో ఎంతో హుషారుగా మొదలై ఆరు నెలలకే ఆగిపోయిన పనులు గుర్తు చేసుకుంటే ఈ కష్టం మీకు ఇట్టే అర్థమవుతుంది.

అదే సమయంలో దేశంలో ఇంకో పద్ధతి నడుస్తోంది. బరోడా సంస్థానంలో మహారాజు మూడో శాయాజీరావు గాయక్వాడ్ 1910లో బోర్డెన్ అనే అమెరికన్ గ్రంథాలయ నిపుణుణ్ని పిలిపించారు. రాజధాని నుంచి పల్లె దాకా గ్రంథాలయాల వ్యవస్థ కట్టించడం మొదలుపెట్టారు. ఖర్చు సంస్థానానిది. తెలుగు జిల్లాలకు అలాంటి మహారాజు లేరు. ఇక్కడ పాలించేది మద్రాసు ప్రభుత్వం. గ్రంథాలయం పెట్టడం తన బాధ్యతని అది అనుకోలేదు. కాబట్టి ఇక్కడ చేయాల్సిందంతా జనమే చేసుకోవాలి.

1914 ఏప్రిల్ 10న ఏం జరిగింది?

ఆ రోజు విజయవాడలో, రామమోహన గ్రంథాలయంలో, వేర్వేరు ఊళ్లలో గ్రంథాలయాలు నడుపుతున్నవాళ్లు ఒకచోట కూర్చున్నారు. అధ్యక్షత వహించింది చిలకమర్తి లక్ష్మీనరసింహం. ఆ సభలోనే ఆంధ్రదేశ గ్రంథ భాండాగార సంఘం పుట్టింది. మన దేశంలో గ్రంథాలయాల కోసం ఏర్పడిన మొదటి సంఘంగా దీన్ని లెక్కిస్తారు. ఈ సభ వెనక తిరిగినవాళ్లలో అయ్యంకి ముఖ్యుడు. అప్పటికి ఆయనకు ఇంకా 24 ఏళ్లు నిండలేదు.

అయ్యంకి పనితీరు ఇక్కడ తెలుస్తుంది. ఊళ్లలో ఉన్నవాటిని ముందు వెతికి పట్టుకున్నారు, ఆపైన వాటిని ఒకదానితో ఒకటి కలిపారు. ఒంటరిగా ఉన్న గ్రంథాలయం దాత దయ మీద బతుకుతుంది. పదుల సంఖ్యలో గ్రంథాలయాలు ఒకే సంఘంగా నిలబడితే అది ప్రభుత్వంతో మాట్లాడగలదు.

సంఘం పుట్టిన కొద్దికాలానికే గ్రంథాలయ సర్వస్వం అనే పత్రిక మొదలైంది. ఏ ఊళ్లో ఏ గ్రంథాలయం ఉంది, ఎలా నడుస్తోంది, కొత్తగా ఎక్కడ పెట్టారు లాంటి సంగతులు ఒకరివి ఒకరికి తెలిసే దారి దొరికింది. పక్క జిల్లాలో మీలాంటివాళ్లే ఇదే పని చేస్తున్నారని తెలిస్తే చేతిలో పని వదలాలనిపించదు. ఇప్పుడు వాట్సాప్ గ్రూపులు చేస్తున్న పని అప్పుడు ఈ పత్రిక చేసింది. 1920లో సంఘం విజయవాడలో గ్రంథాలయ నిర్వాహకులకు శిక్షణ తరగతులు కూడా పెట్టింది. పుస్తకం ఇచ్చి పుచ్చుకోవడం కూడా నేర్చుకుని చేయాల్సిన పనేనని అప్పటికి చాలామందికి తట్టని రోజులవి.

నవంబరు 14కూ ఆయనకూ ఏమిటి సంబంధం?

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. నెహ్రూ పుట్టినరోజు, బాలల దినోత్సవం కాబట్టి ఆ తేదీ ఎంచుకున్నారని చాలామంది అనుకుంటారు. ఆ తేదీకి గ్రంథాలయాలతో అంతకంటే పాత సంబంధం ఉంది. 1919 నవంబరు 14న మద్రాసులో మొదటి అఖిల భారత పౌర గ్రంథాలయ సభ జరిగింది. దాన్ని జరిపించడంలో ముందున్నది అయ్యంకి, ఆయన తోటి ఆంధ్ర కార్యకర్తలు. అధ్యక్ష స్థానంలో కూర్చోబెట్టింది బరోడా సంస్థానం గ్రంథాలయ శాఖ బాధ్యుడు జె.ఎస్. కుడాల్కర్‌ను.

ఆ ఎంపికను కాస్త గమనించండి. ఒక పక్క జనం చందాలతో నడిచే ఆంధ్ర గ్రంథాలయాలు, ఇంకో పక్క ఖజానా డబ్బుతో నడిచే బరోడా గ్రంథాలయాలు ఒకే వేదిక మీదికి వచ్చాయి. తమ దగ్గర లేనిది ఏమిటో కార్యకర్తలకు కళ్ల ముందే కనిపించింది. ఉత్సాహం ఎంతున్నా ఏటా ఖాయంగా వచ్చే డబ్బు లేకపోతే గ్రంథాలయం నిలవదు. అది పదికాలాలు ఉండాలంటే చట్టం కావాలి, దానికంటూ ఒక ఆదాయం కావాలి.

చట్టం వచ్చేదాకా ఊరుకున్నారా?

ఊరుకోలేదు. గ్రంథాలయ యాత్రలు చేశారు. కార్యకర్తలు గుంపుగా ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లేవారు. సభ పెట్టేవారు, ఉన్న గ్రంథాలయాన్ని చూసేవారు, లేని చోట పెట్టమని ఊరివాళ్లను ఒప్పించేవారు. అప్పట్లో యాత్ర అంటే గుడికి వెళ్లడం. ఆ మాటనే పుస్తకాల గదికి వాడటంతో విషయం పల్లెల్లోకి సులువుగా ఎక్కింది.

ఈ ఉద్యమం పెంచిన మనుషులు ఎన్నో కొత్త పనులు చేశారు. గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం 1935లో పడవ మీద గ్రంథాలయం నడిపారు. పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువలో ఆ పడవ పుస్తకాలతో తిరిగేది. రోడ్లు సరిగ్గా లేని డెల్టా ఊళ్లకు కాలువే దారి. అందుకే పుస్తకాన్నీ ఆ దారినే పంపారు. మరోపక్క, రాజద్రోహం కేసులో జైలుకు వెళ్లివచ్చిన కర్నూలు నాయకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు సంఘానికి ఏళ్ల తరబడి అండగా నిలిచారు. పెద్దలకు చదువు చెప్పించే పనినీ దీనితో జోడించారు.

నిజాం ఏలుబడిలోని తెలంగాణలో పరిస్థితి ఇంకా కష్టం. తెలుగులో సభ పెట్టుకోవాలన్నా అనుమతుల తంటా. అక్కడ గ్రంథాలయాలే తెలుగు చదువుకు, ప్రజల మాటకు ఆసరా అయ్యాయి. అటూ ఇటూ కూడా ఈ పని చేసింది జీతాలు లేని మనుషులే.

అయితే 8 పైసలు ఎప్పుడు వచ్చాయి?

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది, 1948లో, మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. స్వతంత్ర భారతంలో ఇలాంటి చట్టాల్లో మొదటిది ఇదే. దీని రూపకల్పనలో గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్‌ది పెద్ద పాత్ర. స్థానిక పన్నుతోపాటు గ్రంథాలయాలకు విడిగా సెస్సు వసూలు చేయాలన్నది ఇందులో కీలకం. అప్పటికి కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి కాబట్టి వాటికీ ఇది వర్తించింది. హైదరాబాద్ రాష్ట్రంలో 1955లో విడిగా చట్టం చేశారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక రెండు ప్రాంతాలకూ కలిపి 1960లో ఒకే చట్టం తెచ్చారు. 2014లో రాష్ట్రం విడిపోయినా రెండుచోట్లా ఆ చట్టం చట్రమే కొనసాగుతోంది.

విజయవాడ సభ నుంచి మొదటి చట్టం దాకా 34 ఏళ్లు పట్టింది. 1960 చట్టం నాటికి అయ్యంకికి డెబ్భై ఏళ్లు వస్తున్నాయి. 1972లో కేంద్రం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. 1979 మార్చి 7న, 88 ఏళ్ల వయసులో, ఆయన కన్నుమూశారు. కుర్రతనంలో ఊరి అరుగుల మీద చూసిన పని ప్రభుత్వ శాఖగా మారడం ఆయన కళ్లారా చూశారు.

చట్టం ప్రకారం డబ్బు ఎలా తిరగాలి?

లెక్క చాలా సాదా. మున్సిపాలిటీ, కార్పొరేషన్, పంచాయతీ ఇంటి పన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తాయి. ఆ సెస్సు వాటి సొంత ఆదాయం కాదు. వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. హైదరాబాద్ నగరానికైతే విడిగా నగర గ్రంథాలయ సంస్థ ఉంది. ఆ సంస్థలు జిల్లా కేంద్ర గ్రంథాలయాన్ని, శాఖా గ్రంథాలయాలను నడుపుతాయి. పత్రికల బిల్లు, కరెంటు బిల్లు, భవనం అద్దె, కొత్త పుస్తకాలు, కుర్చీలు, ఫ్యాన్లు అన్నిటికీ ఈ డబ్బే ఆధారం.

ఇబ్బంది మధ్యలో వస్తోంది. ఖజానాకు కటకట వచ్చినప్పుడు స్థానిక సంస్థలు ఈ సెస్సును ఇతర ఖర్చులకు వాడుకోవడం, గ్రంథాలయ సంస్థకు బకాయి పెట్టడం రెండు రాష్ట్రాల్లోనూ తరచూ వార్తల్లోకి వచ్చే సంగతే. బకాయి పేరుకుంటే ముందుగా ఆగేది కొత్త పుస్తకాలే. తర్వాత పత్రికల సంఖ్య తగ్గుతుంది. ఆపైన చినుకు పడితే కారే కప్పు అలాగే ఉండిపోతుంది. మీరు కట్టినది కట్టినట్టే ఉంటుంది, గ్రంథాలయానికి చేరినది మాత్రం తగ్గుతుంది.

నష్టం ఎవరికి? హైదరాబాద్‌లో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి ఒకసారి వెళ్లి చూడండి. పోటీ పరీక్షలకు చదివే వందల మంది అక్కడ కనిపిస్తారు. హాస్టల్ గదిలో చదువుకోవడానికి చోటు లేనివాళ్లు, కోచింగ్ సెంటర్ రీడింగ్ రూమ్‌కు నెలనెలా డబ్బు కట్టలేనివాళ్లు వాళ్లలో ఎంతోమంది. జిల్లా కేంద్రాల్లోనూ ఇదే దృశ్యం. ఉదయం పేపరు కోసం వచ్చే రిటైరైనవాళ్లు, సెలవుల్లో కథల పుస్తకాల కోసం వచ్చే పిల్లలు వీరికి అదనం. ఇంట్లో పుస్తకాలు, ఏసీ గది, వైఫై ఉన్నవాళ్లకు గ్రంథాలయం మూతపడినా తెలియదు. అవి లేనివాళ్లకు మర్నాడు పొద్దున్నే తెలుస్తుంది.

మీరేం చేయొచ్చు?

అయ్యంకి దగ్గర అధికారం లేదు, ఖజానా లేదు. ఆయన చేసిన పనుల్లో మీరు ఇప్పుడు చేయలేనిదీ పెద్దగా లేదు. పైగా ఆయనకు లేని ఒక హక్కు మీకు ఉంది. ఆయన కార్యకర్తగా అడిగారు. మీరు డబ్బు కట్టినవారిగా అడగొచ్చు.

1. ముందు వెతకండి. మీకు దగ్గరలోని శాఖా గ్రంథాలయం ఎక్కడుందో కనుక్కుని, ఒక గంట అక్కడ కూర్చోండి. పనివేళలు, పత్రికలు, కుర్చీలు, మరుగుదొడ్డి, తాగునీరు ఎలా ఉన్నాయో రాసుకోండి. హాల్లో కూర్చుని చదువుకోవడానికి రుసుము ఉండదు. పుస్తకం ఇంటికి తెచ్చుకోవాలంటే డిపాజిట్ కట్టి సభ్యత్వం తీసుకోవాలి.

2. సభ్యులవ్వండి. సభ్యులు, పాఠకులు తక్కువగా కనిపించే శాఖను పక్కన పెట్టడం ఎవరికైనా సులువు. రిజిస్టరులో మీ సంతకం కూడా ఒక లెక్కే.

3. లెక్క అడగండి. సమాచార హక్కు చట్టం కింద మీ మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టి మూడు ప్రశ్నలు అడగొచ్చు. గత మూడేళ్లలో గ్రంథాలయ సెస్సు ఎంత వసూలైంది? అందులో గ్రంథాలయ సంస్థకు ఎంత జమ చేశారు? బకాయి ఎంత? మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి. ఇవే ప్రశ్నలు గ్రంథాలయ సంస్థకూ పంపితే రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

4. ఒంటరిగా వెళ్లకండి. కాలనీ సంఘం, పోటీ పరీక్షల విద్యార్థులు, వాకింగ్ మిత్రులు, స్కూల్ టీచర్లు కలిసి ఒకే వినతిపత్రం ఇవ్వండి. దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి, మున్సిపల్ కమిషనర్‌కు ఇచ్చి, ఒక కాపీ వార్డు సభ్యుడికి అందజేయండి. సంస్థ అధ్యక్షులను నామినేట్ చేసేది ప్రభుత్వమే కాబట్టి ఎమ్మెల్యేను అడగడమూ సబబే. అక్కడా తేలకపోతే పౌర గ్రంథాలయాల శాఖకు రాయండి.

5. గ్రంథపాలకుణ్ని మీ పక్కన పెట్టుకోండి. చాలా శాఖల్లో ఒక్కరే అన్ని పనులూ చూసుకుంటారు. మీ ఫిర్యాదు ఆయన మీద కాకుండా ఆయనకు రావాల్సిన నిధుల మీద ఉండాలి. కారే కప్పు ఆయనకూ తలనొప్పే.

6. ఆపకండి. ఒక అర్జీతో పని కాకపోతే మూడు నెలల తర్వాత ఇంకోటి పెట్టండి. మొదటి సభకూ చట్టానికీ మధ్య పట్టిన 34 ఏళ్లు గుర్తుంచుకోండి. మీరు అడుగుతున్నది కొత్త చట్టం కూడా కాదు, ఉన్న చట్టం అమలు మాత్రమే.

చందాల మీద నడిచిన రోజుల్లో ప్రతి రూపాయీ ఎక్కడికి పోయిందో ఇచ్చినవాళ్లకు తెలిసేది, ఎందుకంటే ఇచ్చినవాళ్లే వచ్చి చదివేవారు. సెస్సు వచ్చాక ఆ చూపు తప్పిపోయింది. డబ్బు మన నుంచి వెళ్తోంది, ఎక్కడికి చేరుతోందో మనం చూడటం మానేశాం. అయ్యంకి, ఆయన తోటివాళ్లు సాధించిపెట్టిన ఏర్పాటుకు ఇవాళ కొరవడినది అదే. సమాచార హక్కు దరఖాస్తు రాయడానికి అరగంట చాలు. ఈ వారం మీ మున్సిపాలిటీకి ఆ మూడు ప్రశ్నలు పంపండి.